పాతచీర, క్రొత్త పరికిణీ



2023వ సంవత్సరమున వైశాఖము మొదలుకొని సంక్రాంతి దాటువఱకు ఈ పుటలో మా వ్రాత వెలువడలేదు. పిదప మరల కలము పట్టినపుడు ‘ఇంటిపనుల యొత్తిడిచే విరామము కలిగినది’ అని యొక్క ముక్క వ్రాసి చేతులు దులుపుకొంటిమి. మీలో కొందఱు నమ్మితిరి. కొందఱు మరల కానుపు వచ్చినదేమో యని సంతోషముతో ఉత్తరములు వ్రాసితిరి. నమ్మినవారికిని, సంతోషించినవారికిని మేము క్షమాపణము చెప్పుకొనవలసి యున్నది. ఆ తొమ్మిది నెలలును మాకు క్షయరోగము.

ఇన్నాళ్ళు దాచినదానిని ఇపుడేల చెప్పుచున్నామందురా? పోయిన మాసమున ఒక సోదరి మాకు వ్రాసినది. పెద్దజబ్బు చేసి లేచితిననియు, బయటికి పోయి పనిచేయు ఓపిక లేదనియు, పాతచీరలతో క్రొత్తబట్టలు కుట్టి నాలుగు రూపాయలు సంపాదింపవలెనని యున్నదనియు, మేమాపని చేయుచున్నట్లు ఎవరో చెప్పిరనియు, ఎట్లు మొదలుపెట్టితిరో వ్రాయుడనియు కోరినది. కుట్టుపని గుఱించి వ్రాసి జబ్బు గుఱించి వ్రాయకుండుట యెట్లు? ఆ రెండును మా యింట ఒక్క సూదితోనే కుట్టబడినవి.

మొదట దగ్గు వచ్చినది. వేసవిలో దగ్గేమి యని మేమే నవ్వుకొంటిమి. ఒక వైద్యుడు తియ్యని మందొకటి యిచ్చెను, సీసాలు మూడు ఖాళీ యయ్యెను. సాయంకాలమున సన్నని జ్వరము, రాత్రి తలదిండు తడియునంత చెమట. మునుపు 49 కిలోలుండెడి మేము 38 కిలోలకు దిగితిమి. గాజులు మోచేతి వఱకు జాఱుచుండెను. రెండు వారములకు మించి దగ్గు నిలిచిన కళ్ళె పరీక్ష చేయింపవలెనన్న మాట ప్రతి ప్రభుత్వాసుపత్రి గోడమీదను వ్రాసియుండును. చదువు వచ్చిన మేమే చదువలేదు. తుదకు మావారు బడికి సెలవు పెట్టి ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపోగా, కళ్ళె పరీక్షలో తేలినది.

చిన్ననాడు తండ్రిగారి యొద్ద చంద్రుని కథ చదివితిమి. దక్షుని కుమార్తెలు ఇరువదియేడుగురిని పెండ్లాడి రోహిణినొక్కతెనే ప్రేమించినందుకు మామ శపింపగా చంద్రునికి రాజయక్ష్మము సంప్రాప్తించెనట. ఆ జబ్బుపేరు ఆసుపత్రి కాగితముపై చూచినపుడు మాకు తోచిన మొదటి తలంపు, ‘మేమేమి తప్పు చేసితిమి?’ అని. 1882లో రాబర్టు కాక్ అను జర్మను పండితుడు ఈ వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని కనిపెట్టినాడని మావారు ఏటేట పిల్లలకు పాఠము చెప్పుదురు. ఆ పాఠము మా వంటయింటిలోనికి వినబడుచునే యుండును. ఐనను రోగము మీదపడిన వేళ పాఠము గుఱుతు రాదు, శాపమే గుఱుతు వచ్చును.

మందు ఆఱు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన బిళ్ళలు, తరువాతి నాలుగు నెలలు మూడు మందులు కలిసినవి. మా బరువునకు దినమునకు మూడు బిళ్ళలు. మందులు ప్రభుత్వమువారు ఉచితముగా నిచ్చిరి. పౌష్టికాహారమునకు నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసిరి. ఆ మొత్తమును 2024 నవంబరు నుండి వేయి రూపాయలు చేసిరి. మూత్రము నారింజపండు రంగుగా మాఱినపుడు మేము భయపడి యేడ్చితిమి. అది మందు స్వభావమేనని నర్సమ్మ చెప్పిన పిదప సిగ్గుపడితిమి. ఇంటిలో అందఱికి పరీక్షలు చేసి, మా అమ్మాయికి ముందుజాగ్రత్తగా వేఱుగా మందు వ్రాసిరి. ఎనిమిదేండ్ల పిల్ల మా వలన ప్రతిదినము బిళ్ళ మ్రింగుచుండ చూచుటకంటె దగ్గు సుఖమనిపించెను.

నాలుగవ నెలకు దగ్గు పోయినది, ఆకలి వచ్చినది, బరువు 43కు చేరినది. ఓపిక మాత్రము రాలేదు. వంట అత్తగారే చేయుచుండిరి. ఆమెకు అఱువదియెనిమిదేండ్లు. మేము మంచముపై కూర్చుండి వంకాయలు తఱుగుటకైనను అర్హత లేనివారమై, ఆమె నడుము పట్టుకొని లేచుట చూచుచుంటిమి. చేతులు ఊరకయుండుట రోగముకంటె బాధ.

అట్టి యొక దినమున వీధిలో ‘పాత పట్టుచీరలు కొంటాం’ అని కేక వినవచ్చినది. పాతబట్టలకు స్టీలుగిన్నె లిచ్చువారు వేఱు, వీరు వేఱు. వీరికి చీరతో పనిలేదు, జరీలోని వెండితోనే పని. చీరను కాల్చి బూడిదనుండి వెండి తీయుదురు. అత్తగారు మా పెట్టెనుండి మా యమ్మగారి ధర్మవరపు చీరను తెచ్చి చూపిరి. మా పెండ్లికి ముందే గతించిన తల్లి పెండ్లిచీర. అతడు అంచునుండి ఒక జరీపోగు లాగి, అగ్గిపుల్లతో కాల్చి, వ్రేళ్ళతో నలిపి, “మూడు వందలిస్తానమ్మా” అనెను. అత్తగారి తప్పేమియు లేదు. ఆ నెల ఎక్సురేకు, గ్రుడ్లకు, పాలకు అయిన ఖర్చు ఆమెకు తెలియును. చీర మడతలయొద్ద చీలియున్నది, కట్టుటకు పనికిరాదు.

మేము మంచము దిగి వచ్చి చీర లాగికొంటిమి. అంత వేగముగా నడచుట ఆ నెలలో అదియే మొదలు.

ఆ రాత్రి దీపమున కెదురుగా చీరను పట్టి చూచితిమి. సోదరీమణులారా, ఇక్కడినుండి మా సోదరి యడిగిన సంగతి మొదలగుచున్నది. పాతచీర అంతయు పాతది కాదు. అయిదున్నర మీటర్ల చీరలో మొదట అరుగునది వెనుక కూర్చుండు భాగము, పిదప కాళ్ళకు తగులు క్రింది యంచు. కుచ్చెళ్ళ లోపలిపొరలు, పైటచెఱగు ఎన్నేండ్లయినను గట్టిగానే యుండును. పట్టుచీరకు శత్రువు కట్టుట కాదు, కట్టకుండుట. ఒకే మడతమీద ఏండ్లతరబడి పెట్టెలో పెట్టిన చీర ఆ మడతవెంబడి కత్తితో కోసినట్లు చీలును. కావున దీపమున కడ్డముగా పట్టి, పలుచబడిన చోటులకు సుద్దముక్కతో గీతలు పెట్టి, మిగిలిన గట్టిముక్కలు ఎంతెంత పొడుగున్నవో కొలిచి, ఆ పిమ్మట ఏమి కుట్టవచ్చునో యోచింపవలెను. పరికిణీ కుట్టుదమని ముందే నిశ్చయించుకొని కత్తెర పట్టినచో గుడ్డ మనమాట వినదు.

మా యమ్మగారి చీరలో రెండు మీటర్ల ముప్పావు గట్టిభాగము దొరికినది. మా యమ్మాయికి పరికిణీకి చాలును. పైటచెఱగునుండి జాకెట్టు. కత్తెర తీసికొని అరగంట కూర్చుంటిమి. ఆ చీర చెఱగున మొగము దాచుకొని నిద్రించిన దినములు గుఱుతు వచ్చినవి. అరణ్యపర్వమున నలుడు నిదురించు దమయంతి చీరను సగము కోసికొని విడిచిపోయిన ఘట్టము మేము చదివిన ప్రతిసారియు నలుని తిట్టుకొనెడివారము. ఆ రాత్రి మాత్రము, కోయువాని చేయి యెంత వణకియుండునో యని తోచినది. అత్తగారు వెనుకనుండి, “కొయ్యవే అమ్మాయీ, మీ అమ్మైతే ఈపాటికి కోసేసి ఉండేది” అనిరి. కోసితిమి.

పరికిణీ కట్టుకొని పిల్ల బడి వార్షికోత్సవమునకు పోయినది. మఱునాడు ఇద్దఱు తల్లులు తమతమ పాతచీరలతో వచ్చిరి. వ్యాపారమన్న మాట మాకు అప్పుడు తోచనేలేదు.

వ్యాపారముగా మాఱినది ఒక చిన్న యెఱుకవలన. మనలో పరులు విడిచిన బట్ట కట్టుట కెవరును ఒప్పుకొనరు. పాతబట్టలు కొని, అందముగా కుట్టి, అంగడిలో పెట్టినచో పట్టణములలో అమ్ముడుపోవునేమో గాని మా యూరిలో పోవు. ఐతే అదే జనము, పుట్టిన బిడ్డకు తొలుత పాతబట్టయే వేయుదురు. తాతగారి మెత్తని పంచె, అమ్మమ్మ చీరముక్క. అది తమయింటి పాతబట్ట, అదియే భేదము. కావున మేము బట్ట కొనలేదు, అమ్మలేదు. ఎవరి చీర వారే తెత్తురు, వారి చీరయే మఱియొక రూపమున వారికి చేరును, మేము పుచ్చుకొనునది కుట్టుకూలి మాత్రమే. పెట్టుబడి లేదు, మిగులు సరకు లేదు. జబ్బుచేసి లేచిన స్త్రీకి ఇంతకంటె భద్రమైన త్రోవ మాకు కనబడలేదు. పెట్టుబడి లేని పనికి తొందర లేదు, తొందర లేని పనిలో పడుకొనవలెననిపించినపుడు పడుకొనవచ్చును.

పడుకొనుటయు పనిలో భాగమే యని నేర్చుకొనుటకు మాకు రెండు నెలలు పట్టినది. మొదట ఒకనాడు ఉత్సాహమున మూడుగంటలు మిషను త్రొక్కి, తరువాతి రెండుదినములు మంచమెక్కితిమి. ఆ పిమ్మట గడియారము ఎదుట పెట్టుకొని అరగంట పని, అరగంట విశ్రాంతి. కాలితో త్రొక్కు పని ఉదయము, చేతికుట్టు మధ్యాహ్నము, కత్తెరపని చూపు చెదరని వేళ మాత్రమే. పాతబట్టలలో దుమ్ముండును. ఊపిరితిత్తులు మానుచున్నవారు దానిని దులుపరాదు. మావారు మాస్కు కట్టుకొని పెరటిలో దులిపెడివారు. నూలుబట్టలను మరుగునీట ఉడికించి, పట్టును కుంకుడురసమున నానబెట్టి నీడను ఆరవేసిన తరువాతనే అవి మా గదిలోనికి వచ్చెడివి. బడిపంతులు పెరటిలో చీరలు దులుపుచుండ గోడ అవతలివారు చూచి ఏమనుకొనిరో మేమడుగలేదు.

తప్పులును చేసితిమి. ఒక యామె తన అత్తగారి పట్టుచీర తెచ్చి మనుమరాలికి గౌను కుట్టుమనినది. లైనింగునకు అఱువది రూపాయలు దండుగ యని తలచి ఒంటిపొరగా కుట్టితిమి. పిల్ల ఒక్కసారి వంగగానే చంకనుండి నడుము వఱకు చీలినది. ఆ చీర మరల రాదు. ఆమె ఒక్క మాటయు అనలేదు, అనినచో బాగుండెడిది. నాటినుండి పాతపట్టునకు నూలు లైనింగు లేనిదే సూది పెట్టము. లైనింగును ముందుగా తడిపి ముడుచుకొననిచ్చి, పట్టుముక్కను దానిమీద పఱచి, చుట్టును టాకాలు వేసి, రెంటిని ఒకే గుడ్డగా భావించి కుట్టవలెను. అపుడు బరువు నూలుమీద పడును, పట్టు అందమునకు మాత్రము నిలుచును.

వెల కట్టుట మాకు రాలేదు. పరికిణీ జాకెట్టులకు 250 అని చెప్పితిమి. మావారు లెక్క వేసి చూపిరి. కొలతకు, కోతకు, కుట్టునకు కలిసి ఏడు గంటలు, లైనింగు దారములకు 140 రూపాయలు, మిగులు 110. గంటకు పదునాఱు రూపాయలు కూడ లేదు. పిమ్మట 450 చేసితిమి. అడుగుటకు నోరు రాక ఒక కాగితముపై వ్రాసి మిషను ప్రక్క గోడకు అంటించితిమి. చదువు వలన కలిగిన లాభములలో ఇది యొకటి.

ఇక కష్టమైన సంగతి.

మా జబ్బు వీధిలో తెలియదు. ‘నీరసము’ అని చెప్పుకొంటిమి. ఐదవ నెల గడచుచుండగా మా వీధిలోనే యొక పెద్దయామె తన చిలుకాకుపచ్చ చీర తెచ్చి మనుమరాలికి పరికిణీ కుట్టించుకొన్నది. చక్కగా కుదిరినది. పిల్ల ఎదుగునని అడుగున రెండు మడతకుట్లు వేసితిమి. నాలుగుదినముల పిదప ఆమె గుమ్మము బయటనే నిలిచి, పరికిణీని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మెట్టుమీద ఉంచినది. “ఏమనుకోకమ్మా, ఆసుపత్రిలో మందుల దగ్గర మా అల్లుడు మీవారిని చూశాట్ట. పసిపిల్ల కట్టుకునేది కదా. మీరే ఉంచుకోండి” అనినది. చీర ఆమెదే. అదియు వద్దనెను.

కూలి తిరిగి యిచ్చితిమి. కొంగున చుట్టి పుచ్చుకొని పోయినది. మేమామెను నిందింపము. మేము ముందే చెప్పియుండినచో ఆమె ఆలోచించుకొని వచ్చెడిది, లేదా రాకయుండెడిది. రెంటిలో ఏదైనను ఆమె యిష్టము. దాచి, ఆమె యిష్టమును మేము కాజేసితిమి. ఆమె భయము తప్పని మాకు తెలియును. దాచుటయు తప్పని అంతకంటె ఎక్కువగా తెలియును.

భయము ఎందుకు తప్పో కూడ చెప్పెదము. ఈ వ్యాధి గాలిద్వారా వ్యాపించును. మందు వాడని రోగి దగ్గినపుడు, తుమ్మినపుడు, మాటలాడినపుడు వెలువడు సూక్ష్మబిందువులను ప్రక్కవారు పీల్చుటచే వచ్చును. బట్టలవలన, గిన్నెలవలన, చేయి కలుపుటవలన రాదు. సరియైన మందు మొదలిడిన కొద్ది వారములకే అంటించు శక్తి మిక్కిలి తగ్గును. మా కళ్ళెను రెండవ నెల చివర మరల పరీక్షించి, క్రిములు లేవని చెప్పినపిదపనే మేము కుట్టుట మొదలిడితిమి. ఇంటనే యుండి మందు తినుట చుట్టుప్రక్కలవారికి ప్రమాదము కాదన్న సంగతిని లోకమునకు చాటినది మన పొరుగుననున్న మద్రాసు నగరమే. 1956లో అచట స్థాపించిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమున సుమారు రెండువందలమంది రోగులను రెండు భాగములు చేసి, సగముమందికి శానిటోరియములోను, సగముమందికి వారి యిండ్లలోను ఒకే మందు ఇచ్చి చూచిరి. ఇరుకు ఇండ్లలో, చాలీచాలని తిండితో నున్నవారికిని ఇంచుమించు శానిటోరియమువారి వలెనే నయమైనది. వారి యింటివారికి జబ్బు అధికముగా అంటలేదు. 1959లో ఆ ఫలితములు వెలువడిన తరువాత, క్షయరోగిని ఇల్లు విడిపించి ఎచ్చటికో పంపుట లోకమంతటను క్రమముగా తగ్గిపోయినది. ఇంత జరిగి ఇన్నేండ్లయినను, మా మెట్టుమీదికి ఆ వార్త ఇంకను చేరలేదు.

ఆ రాత్రి మావారిని అడిగితిమి. “చెప్పితే వచ్చేవాళ్ళు రారు. చెప్పకపోతే నీకు నిద్ర రాదు. నీ నిద్ర ఖరీదెంతో నువ్వే లెక్క వేసుకో” అనిరి. లెక్కలు చెప్పువారి మాట లెక్కలలోనే యుండును.

మఱునాటినుండి, చీర చేత పట్టుకొని వచ్చిన ప్రతివారికిని ముందుగా చెప్పితిమి: మాకు క్షయ వచ్చినది, ఇన్ని నెలలు మందు తింటిమి, ఈ దినమున కళ్ళెలో క్రిములు లేవని చెప్పిరి, మీ యిష్టము. మొదటివారమున ముగ్గురు చీరలు మరల తీసికొని పోయిరి. ఒకరు ‘మా ఆయన్నడిగి వస్తా’నని పోయి రాలేదు. నెలరోజులు మిషనుమీద గుడ్డ కప్పియే యున్నది. ఆ నెలలో మేము ఏమి యనుకొంటిమో ఈ పుటలో వ్రాయదగదు.

అపుడు వచ్చినది మూడిండ్ల అవతలి మామ్మగారు. భర్త పోయి సంవత్సరమైనది. ఆయన పంచెలు పదునాలుగు మూటకట్టి తెచ్చి, మునిమనుమడు పుట్టబోవుచున్నాడు, బొంత కుట్టుమనిరి. మేము మా పాఠము మొదలిడగా మధ్యలోనే, “ఎనభై రెండేళ్ళు నాకు. నీ దగ్గు నన్నేం చేస్తుందే? మా ఆడపడుచు ఇదే జబ్బుతో మదనపల్లె ఆరోగ్యవరంలో రెండేళ్ళుండి వచ్చి నలుగుర్ని కన్నది. నువ్వు కుట్టు” అనిరి. ఆ పంచెలను నాలుగేసి పొరలుగా పఱచి, చుట్టును పాతచీర అంచు వేసి, చేతితోనే వరుసకుట్టు కుట్టితిమి. పదునాఱు దినములు పట్టినది. మామ్మగారు ప్రతి సాయంకాలమును వచ్చి ఎదురుగా కూర్చుండి, ఏ పంచె ఏ పెండ్లికి కట్టినదో చెప్పుచుండిరి. కావేరి గోదావరి పుష్కరముల ప్రయాణములన్నియు ఆ బొంతలో ఉన్నవి. ఆమె మా గుమ్మములో కూర్చుండుట వీధి చూచినది. మేము వంద మాటలతో చెప్పలేనిది ఆమె నోరు విప్పకయే చెప్పినది. అనగా ఆమె నోరు విప్పకుండ ఉన్నదని కాదు.

మందు ముగిసినది 2023 డిసెంబరున. మఱుసటి జూనువఱకు మా పద్దుపుస్తకమున పందొమ్మిది పనులున్నవి. వచ్చినది 7,350 రూపాయలు, లైనింగులకు దారములకు సూదులకు పోయినది 1,900, మిగిలినది 5,450. అందులో 1,800 పెట్టి మిషనుకు చిన్న మోటారు బిగించుకొంటిమి, కాళ్ళకు శ్రమ తగ్గినది. పెద్ద సొమ్ము కాదు. లేఖ వ్రాసిన సోదరి దీనిని చూచి నిరాశపడవచ్చును. ఇల్లు గడచునంత కావలెనన్నచో ఇది చాలదు, చెప్పకపోవుట మోసము. మా అత్తగారికి నడుముపట్టీ కొని మేమే చేతికిచ్చినపుడు ఆమె వెల యడుగలేదు. అంతకుముందు ప్రతివస్తువునకును వెల యడుగుట ఆమె వాడుక.

ఇపుడు నెలకు నాలుగైదు పనులు వచ్చుచున్నవి. పొరుగూరినుండి కూడ చీరలు వచ్చుచున్నవి. గోడమీది కాగితమున వెలలక్రింద ఇంకొక వాక్యము చేర్చితిమి: ‘మాకు క్షయ వచ్చి నయమైనది.’ దానిని చూచి ఇద్దఱు స్త్రీలు చీర లేకుండ వచ్చి, తలుపు దగ్గరగా వేసి, మెల్లగా దగ్గు సంగతి చెప్పిరి. వారిని కళ్ళె పరీక్షకు పంపితిమి. ఒకరికి ఏమియు లేదు. ఇంకొకరు మందు తినుచున్నారు.

చిలుకాకుపచ్చ పరికిణీ మా పెట్టెలో ఉన్నది. ఒకే మడతమీద ఉండకుండ నెలకొకసారి విప్పి మార్చి మడుచుచున్నాము. ఆ పిల్ల ప్రతి ఉదయము మా యింటి ముందునుండియే బడికి పోవును. బాగుగా పొడుగైనది. ఐనను ఫరవాలేదు, అడుగున వేసిన రెండు మడతకుట్లు విప్పినచో సరిపోవును.